ఫోటోను అతికించేయకండి

ఇంట్లో పెద్దవాళ్లు పోయిన రోజున ఏడుపుల మధ్యే మొదలయ్యే పనుల్లో ఫోటో వెతకడం ఒకటి. పేపరుకి ఇవ్వాలి, ఫ్లెక్సీ వేయించాలి, పెద్దకర్మ నాటికి పటం కట్టించి దండ వేయాలి. ఇంటిల్లిపాది ఫోన్లలో వేల ఫోటోలుంటాయి, బీరువాలో నాలుగైదు పెళ్లి ఆల్బమ్‌లుంటాయి. అయినా చివరికి దొరికేది మనవరాలి పెళ్లి ఆల్బమ్‌లో, పూల డిజైను మధ్య ఇరికించిన చిన్న బొమ్మల్లో ఒకదాంట్లో, ఎవరి భుజం వెనకనుంచో తొంగిచూస్తున్న ముఖం. ఆ పేజీని మళ్లీ ఫోన్‌తో ఫోటో తీసి, ముఖం వరకు కత్తిరించి, పెద్దది చేసి, వెనక నీలం రంగు వేసి స్టూడియోవాళ్లు ఇస్తారు. కళ్లు మసకబారి, చర్మం ప్లాస్టిక్‌లా నున్నబడి, పోయిన మనిషికి దూరపు బంధువులా కనిపించే ఆ బొమ్మే ఇక ఆ ఇంటి గోడ మీద ముప్పై ఏళ్లు ఉంటుంది. ఫోటోలు తీయకపోవడం వల్ల వచ్చిన కష్టం కాదిది. తీసినదాన్ని ఎలా అచ్చు వేయించాం, దేనికి అతికించాం, ఏ రూపంలో దాచుకున్నాం అన్న దగ్గరే పొరపాటు జరుగుతోంది. ప్రింటు, మౌంటు, ఫ్రేము, ఆల్బమ్ అని నాలుగు ఖర్చులు వేరువేరుగా కనిపించినా, వాటన్నిటికీ ముందు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే అని నా అభిప్రాయం: ఈ ఫోటోను రేపు, పాడు చేయకుండా, విడిగా బయటికి తీయగలమా? తీయగలిగేలా ఉంటే మిగతావన్నీ మన ఇష్టం. తీయలేనట్టయితే ఎంత ఖరీదు పెట్టినా అది నష్టమే.

అసలు అచ్చు వేయించడమే ఎందుకు, ఫోన్‌లో ఉన్నాయి కదా అనేవాళ్లకు ముందు జవాబు చెప్పాలి. ఫోన్‌లో ఉన్న ఫోటో మనదే అనుకుంటాం కానీ అది ఒక పాస్‌వర్డు చేతిలోనూ ఒక కంపెనీ నిబంధనల చేతిలోనూ ఉంటుంది. గూగుల్ ఫోటోస్‌లో ఎన్నయినా ఉచితంగా దాచుకోవచ్చన్న సదుపాయం 2021 జూన్ 1తో ఆగిపోయింది. రెండేళ్లపాటు వాడని ఖాతాలను, వాటిలోని ఫోటోలతో సహా, తొలగించవచ్చన్న నిబంధనను ఆ సంస్థ 2023 డిసెంబరు నుంచి అమలులో పెట్టింది. మనిషి పోయాక ఆ ఖాతా వాడేదెవరు? ఫోన్ తెరవడానికి వేలిముద్ర కావాలి, ఆ వేలు ఇక లేదు. వారసులకు పొలం పట్టా, బ్యాంకు పుస్తకం చేరే దారి చట్టంలో స్పష్టంగా ఉంది. తండ్రి ఫోన్‌లోని ఫోటోలు కొడుక్కి చేరే దారి మాత్రం ముందుగా ఆయనే ఏర్పాటు చేసి పోతే తప్ప సులువుగా తెరుచుకోదు. పైగా ఫోన్‌లోని పది వేల బొమ్మల్లో ఏది ముఖ్యమో తేల్చిచెప్పేవాళ్లు ఎవరూ ఉండరు. అచ్చు వేయించడమంటే ఎంచడం. పది వేలలోంచి నలభై తీసి కాగితం మీద పెట్టినవాళ్లు, ఇవి మనవి, ఇవి నిలవాలి అని ఇంటి తరఫున నిర్ణయం చేసినవాళ్లవుతారు. ఆ నిర్ణయం ఏ యంత్రమూ మన తరఫున చేయలేదు.

కాగితం నీళ్లపాలైతే పోతుంది కదా అన్నది రెండో అభ్యంతరం. 2011 మార్చి 11న జపాన్‌ను ముంచెత్తిన సునామీ తర్వాత జరిగిన ఒక పని దీనికి మంచి జవాబు. శిథిలాల తొలగింపుకి వెళ్లినవాళ్లు బురదలో దొరికిన ఫోటోలను, ఆల్బమ్‌లను ఏరి ఒక చోట చేర్చారు. యమమోటో అనే ఒక్క పట్టణంలోనే స్వచ్ఛంద కార్యకర్తలు దాదాపు 7,50,000 ఫోటోలను కడిగి, ఆరబెట్టి, సొంతదారులు వచ్చి గుర్తుపట్టేలా వరసగా పెట్టారు. అది ఎలా సాధ్యమైందంటే, కలర్ ల్యాబ్‌లో తయారయ్యే ప్రింటు పుట్టడమే నీళ్లలో పుడుతుంది, డెవలపర్‌లోనూ ఆ తర్వాతి ద్రావణాల్లోనూ మునిగి లేస్తుంది. కాబట్టి కొన్నాళ్లు తడిసినా, జెలటిన్ పొరను సూక్ష్మజీవులు తినేయకముందే చన్నీళ్లలో కడిగితే చాలావరకు బతుకుతుంది. అయితే షరతు ఒకటుంది, ఫోటోలు ఒకదాన్నుంచి ఒకటి విడిపోవాలి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అలాంటప్పుడు కవర్లలోనో, మూలలు పట్టి ఉంచే కార్నర్లలోనో విడిగా ఉన్న ప్రింట్లను ఆరకముందే నీళ్లలో వేసి మెల్లగా విడదీసి, బొమ్మ పైకి ఉండేలా పరిచి ఆరబెట్టుకోవచ్చు. మందపాటి అట్టలకు అతికించిన ఆల్బమ్ అయితే అట్ట ఉబ్బి, జిగురు కరిగి, పేజీలన్నీ ఒకే ముద్దవుతాయి. అదే బురద, అదే నీళ్లు. ఒకటి బతకడానికీ మరొకటి పోవడానికీ తేడా అతికించడంలోనే ఉంది.

ఈ అతికించే అలవాటు ఎక్కడిదో చూస్తే దాని అవసరం ఎప్పుడో తీరిపోయిందని అర్థమవుతుంది. 1850లో ఫ్రాన్స్‌లో బ్లాంకార్ ఎవ్రార్ ప్రవేశపెట్టిన అల్బుమెన్ కాగితం పంతొమ్మిదో శతాబ్దపు ఫోటోగ్రఫీని దాదాపు అంతటినీ మోసింది. కోడిగుడ్డు తెల్లసొన పూసిన చాలా పలుచటి కాగితమది. ఆరగానే చుట్ట చుట్టుకుపోయేది, అందుకని దళసరి అట్టకు అతికించక తప్పేది కాదు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫర్, సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపిన రాజా లాలా దీన్‌దయాళ్ చేసిన ప్రింట్లలో చాలా భాగం ఇలా అట్టలకెక్కినవే. హైదరాబాద్ కోటలు, దర్బార్లు, వేటలు, పరివారాలు అలా అట్టల మీదుగానే మనదాకా వచ్చాయి. ఆ కాలపు అల్బుమెన్ ప్రింట్లు ఇప్పుడు తెలుపు ఉండాల్సిన చోట పసుపుగా కనిపిస్తాయి. తెల్లసొన పొర స్వభావం కొంత కారణమైతే, ఆమ్ల గుణమున్న అట్టలు కూడా ఆ చేటుకి తోడయ్యాయి. అయితే దీన్‌దయాళ్ విషయంలో మనకు ఇంకో అదృష్టం మిగిలింది, గాజు నెగటివ్‌లు. 2,857 గాజు పలకలను ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రం 1989లో సేకరించింది. అట్టల మీది బొమ్మలు పసుపెక్కినా, ఆ గాజు పలకల నుంచి కొత్త ప్రింట్లు వేయొచ్చు. మూలం విడిగా, దేనికీ అతుక్కోకుండా ఉండటం అంటే ఏమిటో తెలుగు నేల మీద ఇంతకంటే పెద్ద ఉదాహరణ నాకు కనబడలేదు.

ఇప్పుడు ల్యాబ్‌లు వాడే కాగితానికి రెండు వైపులా పాలిథిన్ పొర ఉంటుంది. అది చుట్టుకోదు, ముడతపడదు, నిలబెట్టడానికి అట్ట అక్కరలేదు. అవసరం పోయినా అలవాటు మిగిలింది. 1970ల నుంచి మన ఇళ్లలోకి వచ్చిన జిగురు పేజీల ఆల్బమ్‌లు గుర్తు చేసుకోండి. చారలు చారలుగా జిగురున్న పేజీ, దాని మీద ప్లాస్టిక్ తెర. తెర ఎత్తి, ఫోటో పెట్టి, మళ్లీ తెర దించితే చాలు. కార్నర్లు అంటించే శ్రమ లేదని అందరం మెచ్చుకున్నాం. నలభై ఏళ్లు గడిచేసరికి ఆ జిగురు చోటచోట ఎండి ఫోటోను వదిలేసింది, ఇంకోచోట గట్టిపడి ఊడదీస్తే చిరిగేలా పట్టేసింది, పేజీ పసుపెక్కింది, పీవీసీ తెరలు మెత్తబడి బొమ్మ ముఖానికి అంటుకున్నాయి. ఫోటోకి ఆనుకుని ఉండే వస్తువు ఫోటోను పాడు చేస్తుందా లేదా అని ముందే తేల్చడానికి ఒక అంతర్జాతీయ పరీక్ష ఉంది, ఫోటోగ్రాఫిక్ యాక్టివిటీ టెస్ట్ అంటారు. అట్టనో జిగురునో ప్లాస్టిక్‌నో 70 డిగ్రీల వేడిలో, 86 శాతం తేమలో 15 రోజులు ఉంచి, పక్కనున్న సున్నితమైన పొర మీద దాని ప్రభావం చూస్తారు. మన ఇళ్లలో అదే పరీక్ష ఎండాకాలాలూ వానాకాలాలూ మారుతూ దశాబ్దాలపాటు జరిగింది, పరీక్షకు పెట్టింది మాత్రం మన అసలు ఫోటోలను.

లామినేషన్ ఇంకా విచారకరమైన సంగతి. ఏ ఊళ్లోనైనా జిరాక్స్ షాపులో దొరికే ఈ సేవ మీద మనవాళ్లకు అపారమైన నమ్మకం. పదో తరగతి సర్టిఫికెట్‌ను చేయించినట్టే తాతగారి నలుపు తెలుపు ఫోటోను కూడా చేయిస్తారు. వేడికి కరిగే జిగురున్న రెండు ప్లాస్టిక్ పొరల మధ్య పెట్టి యంత్రంలోంచి లాగేస్తే ఇక అది మళ్లీ బయటికి రాదు. ప్లాస్టిక్ మీద గీతలు పడినా, అంచులు విచ్చుకుని తేమ లోపలికి చేరినా, కాలక్రమంలో జిగురు రంగు మారినా ఆ ఫోటోను కాపాడటానికి ఎవరూ ఏమీ చేయలేరు. స్కాన్ చేసినప్పుడు కూడా ప్లాస్టిక్ మెరుపులూ గీతలూ బొమ్మతో పాటే వస్తాయి. ఒక్కటే ఉన్న పాత ఫోటోను, నెగటివ్ కూడా లేనిదాన్ని, ఏ పరిస్థితిలోనూ లామినేట్ చేయించకూడదు. చేతులు మారే ఫోటో, పిల్లలు పట్టుకునే ఫోటో అయితే దాన్ని స్కాన్ చేయించి, ఆ కాపీని అచ్చు వేయించి, ఆ కాపీని లామినేట్ చేసుకోండి. అసలుది మామూలు కాగితపు కవర్లో బీరువాలో ఉంటే చాలు. రక్షణ అన్న మాటను మనం తేమ తగలకపోవడం, చిరగకపోవడం అనే అర్థంలోనే తీసుకుంటున్నాం. ఫోటో విషయంలో రక్షణంటే చేసిన పనిని వెనక్కి తీసుకోగలగడం కూడా.

పెళ్లి ఆల్బమ్ గురించి రాయడానికి కొంచెం జంకుగానే ఉంది, ఎందుకంటే అది ఒక ఇంటి సంబరానికి సంబంధించింది. తెలుగు పెళ్లిళ్లలో ఇప్పుడు రాజ్యమేలుతున్నది కరిజ్మా ఆల్బమ్. 12 అంగుళాల ఎత్తు, విప్పితే 36 అంగుళాల వెడల్పు, చిరగని షీట్లు, ఎంబోస్ చేసిన అట్ట, పెట్టె, సంచీ. ప్రతి షీటు మీదా ఒక పెద్ద బొమ్మ, పక్కన నాలుగైదు చిన్నవి, వెనక మబ్బులో కోటలో పూలో. చూడటానికి పండగలా ఉంటుంది, ఆ డిజైను వెనక కష్టపడి పనిచేసేవాళ్లున్నారు, కాదనను. ప్రజలకు నచ్చినదాన్ని తప్పుపట్టడానికి నువ్వెవరు అని అడిగితే, నచ్చడం మీద నాకు పేచీ లేదనే చెబుతాను. నా పేచీ అల్లా అందులో ఒక్క ఫోటో కూడా ఒంటరిగా లేకపోవడం మీద. జీలకర్ర బెల్లం పెట్టిన క్షణం, అప్పగింతల్లో తండ్రి ముఖం, అరుగు మీద వరసగా కూర్చున్న అమ్మమ్మలు, ప్రతిదీ ఇంకో నాలుగింటితో కలిసి ఒకే షీటులో కరిగిపోయింది. దాన్ని విడిగా తీసి ఒకరికి ఇవ్వలేం, పటం కట్టించలేం, పాడైన ఒక్క పేజీని మార్చలేం. పైగా అంత బరువైన ఆల్బమ్‌ను ఒళ్లో పెట్టుకుని చూడటం కష్టం, బల్ల మీద పరిచి నలుగురూ నిలబడి చూడాలి. మొదటి ఏడాది వచ్చినవాళ్లకు చూపిస్తారు, తర్వాత అది పెట్టెలోకి, పెట్టె అటక మీదికి వెళ్తుంది. పాత రోజుల్లో నల్ల అట్ట పేజీలకు త్రికోణపు కార్నర్లతో నిలబెట్టిన చిన్న ఫోటోలు, మధ్యలో సన్నటి బటర్ పేపరుతో, అరవై ఏళ్లయినా కార్నర్లోంచి జారి చేతిలోకి వస్తాయి. అందం విషయంలో ఎవరి అభిరుచి వారిది. పనికొచ్చే తీరులో మాత్రం ఆ పాత పద్ధతే మెరుగని ఒప్పుకోక తప్పదు. కరిజ్మా కావాలనుకున్నవాళ్లు చేయించుకోవచ్చు, దానితో పాటు ఎంచుకున్న యాభై ఫోటోలను డిజైను లేకుండా, విడి ప్రింట్లుగా, చేతిలో పట్టే సైజులో అడిగి తీసుకుంటే చాలు. ఆల్బమ్ ఖర్చులో అదొక లెక్కే కాదు.

కాగితం, సిరా ఎంచుకోవడంలోనూ ఇదే సూత్రం పనిచేస్తుంది. ఇళ్లలో ఒక విచిత్రం అందరూ గమనించే ఉంటారు. తాతల కాలపు నలుపు తెలుపు ఫోటోలు నిక్షేపంగా ఉంటాయి, 1970, 80లలో తీయించుకున్న కలర్ ఫోటోలు ఎర్రబడి వెలిసిపోతాయి. నలుపు తెలుపు బొమ్మలో ఉన్నది వెండి, సరిగా కడిగిన ప్రింటులో అది సులువుగా కదలదు. కలర్ బొమ్మలో ఉన్నవి మూడు రంగుల డైలు. ఆ కాలపు కాగితాల్లో నీలి ఆకుపచ్చ డై చీకట్లో ఉంచినా కూడా మిగతా రెండిటికంటే ముందే క్షీణించేది, అందుకే ఆల్బమ్‌లో మూసి పెట్టినవి కూడా ఎర్రబడ్డాయి. తర్వాత వచ్చిన ల్యాబ్ కాగితాలు చాలా మెరుగయ్యాయి. ఇంక్‌జెట్ వచ్చాక కథ మళ్లీ మొదలైంది. 2000లో ఎప్సన్ స్టైలస్ ఫోటో 870, 1270 ప్రింటర్లతో వేసిన బొమ్మలు కొన్ని ఇళ్లలో కొద్ది వారాల్లోనే నారింజ రంగుకి తిరిగాయి. కారణం వెలుతురు కాదు, గాలిలోని ఓజోను. డై సిరా కాగితం పై పొరలో గాలికి తెరిచి ఉండటం వల్ల వచ్చిన చేటది. పిగ్మెంట్ సిరాలు ఆ బలహీనతను చాలావరకు దాటాయి. కాబట్టి గోడ మీద పెట్టే ఫోటోను ఇంక్‌జెట్‌లో వేయిస్తుంటే, ఇది డై సిరానా పిగ్మెంట్ సిరానా అని షాపులో అడగండి. స్టూడియోలో పాస్‌పోర్ట్ ఫోటోలకు వాడే చిన్న ప్రింటరులో పెద్ద బొమ్మ వేయించకండి. ఇక మెరుపు కాగితమా, మాట్ కాగితమా అన్నది చూసే చోటును బట్టి ఉంటుంది. అద్దం వెనక పెట్టేదానికి మెరుపు అక్కరలేదు, చేతిలో చూసేదానికి కొంత మెరుపు ఉంటే నలుపులు లోతుగా కనిపిస్తాయి. గరుకుగా, సిల్కు గుడ్డలా గళ్లు గళ్లుగా ఉండే కాగితాలు మాత్రం వద్దనే అంటాను. ఆ గళ్లు రేపు స్కాన్‌లో ముఖాల మీద మచ్చల్లా వస్తాయి, 80ల నాటి సిల్క్ ఫినిష్ ఫోటోలను బాగు చేయించుకోవాలనుకున్నవాళ్లను అడిగితే ఆ బాధ చెబుతారు.

సైజు విషయంలో మన మోజు పెద్దదాని మీదే. కానీ సైజును నిర్ణయించాల్సింది రెండే, ఫైలులో ఉన్న పిక్సెల్స్, చూసేవాళ్లు నిలబడే దూరం. చేతిలో పట్టుకుని చూసే ప్రింటుకి అంగుళానికి 300 పిక్సెల్స్ ఉంటే స్ఫుటంగా ఉంటుంది. 12 మెగాపిక్సెల్ ఫోన్ ఇచ్చే 4000×3000 ఫైలు 13×10 అంగుళాల దాకా హాయిగా వస్తుంది. అదే ఫోటో వాట్సాప్‌లో మామూలుగా పంపితే పొడవు వైపు దాదాపు 1600 పిక్సెల్స్‌కి కుదించుకుపోతుంది, అంటే అయిదు అంగుళాలు దాటితే నాణ్యత పలచబడుతూ వస్తుంది. మనవాళ్లు ప్రింటుకి ఇచ్చే ఫైళ్లలో ఎక్కువ భాగం ఈ వాట్సాప్ ఫైళ్లే, ముఖాలు మైనంలా కనిపించడానికి ల్యాబ్‌ను తిట్టి లాభం లేదు. అసలు ఫైలును డాక్యుమెంట్‌గా తెప్పించుకోవాలి. ఫోన్ బొమ్మ 4:3 నిష్పత్తిలో ఉంటుంది, 4×6 ప్రింటు 3:2లో ఉంటుంది, కాబట్టి ఎక్కడో కొంత కత్తిరింపు తప్పదు. అది యంత్రానికి వదిలేస్తే గ్రూపు ఫోటోలో తలపాగాలో పాదాలో పోతాయి. కత్తిరించకుండా చుట్టూ తెల్ల అంచు వదిలి వేయమని చెప్పొచ్చు, ఆ అంచు పట్టుకోవడానికీ పనికొస్తుంది, పక్కన పేరు రాయడానికీ పనికొస్తుంది. వెనకనుంచి వెలుతురు కొట్టే స్క్రీన్ మీద చూసిన బొమ్మ కాగితం మీద ఒక పిసరు నల్లగా వస్తుందని కూడా గుర్తుంచుకుంటే, ముందు ఒక చిన్న ప్రింటు వేయించి చూసుకుని, తర్వాత పెద్దదానికి వెళ్తాం.

గోడకెక్కించేటప్పుడు మన షాపుల్లో ఎక్కువగా చేసేది, ఫోటోను నేరుగా అద్దానికి ఆనించి, వెనక ప్యాకింగ్ అట్ట పెట్టి, మేకులు కొట్టి, టేపు వేయడం. కాకినాడ, మచిలీపట్నం, విశాఖ లాంటి తీరపు ఊళ్ల తేమలో జెలటిన్ పొర ఉబ్బి అద్దాన్ని పట్టుకుంటుంది. ఆరాక బొమ్మ అద్దానికే అంటుకుపోతుంది, లాగితే ముఖమే ఊడి వస్తుంది. అలా అంటుకున్నది ఇంట్లో ఉంటే లాగకండి, అద్దంతోనే స్కాన్ చేయించుకోండి. కొత్తగా కట్టించేదానికి మందు తేలిక. ఫోటో చుట్టూ కిటికీలా కోసిన మౌంట్ బోర్డు పెడితే అద్దానికీ బొమ్మకీ మధ్య ఆ బోర్డు మందమంత ఖాళీ మిగులుతుంది. ఆ మౌంటు అందం కోసమేనని చాలామంది అనుకుంటారు, నిజానికి అది గాలి ఆడటానికి. వెనకనుంచి ఫోటోను జిగురుతో కాక నాలుగు మూలల్లో కాగితపు కార్నర్లతో నిలబెట్టమనాలి, వెనక అట్ట ఆమ్లం లేనిదైతే ఇంకా మంచిది. వాన చెమ్మ దిగే బయటి గోడకూ, నేరుగా ఎండ పడే కిటికీ ఎదురుగానూ, నిత్యం దీపం పొగ తగిలే పూజగది మూలనూ ఒకే ఒక్క ప్రతి ఉన్న ఫోటోను పెట్టకూడదు. పూర్వం గుమ్మాల పైన, ముందుకు వంచి పటాలు వేలాడదీసేవాళ్లు. కింద చాప మీద కూర్చున్నవాళ్లకు కనిపించేలా ఆ వంపు సరిపోయేది. ఇప్పుడు సోఫాల ఇళ్లలో, నిలబడినవాళ్ల కళ్లకు ఎదురుగా బొమ్మ మధ్యభాగం వచ్చేలా కడితే చూసేవాళ్లు దగ్గరికి వస్తారు.

విడదీయరాని పద్ధతుల్ని పెద్ద కళాకారులే వాడుతున్నారు కదా అని ఫోటోగ్రఫీ తెలిసినవాళ్లు అనవచ్చు. నిజమే. 2011లో క్రిస్టీస్ వేలంలో 43 లక్షల డాలర్లకు పైగా పలికిన ఆండ్రియాస్ గుర్‌స్కీ రైన్ నది చిత్రం పదడుగులకు మించిన వెడల్పున్న కలర్ ప్రింటు, దాని ముఖాన్నే అక్రిలిక్ పలకకు శాశ్వతంగా అతికించారు. ఆ పలక ఇచ్చే లోతు, గాఢత ఆ చిత్రానికి ప్రాణం, కళాకారుడు తెలిసి చేసిన ఎంపిక అది. 1955లో ఎడ్వర్డ్ స్టైకెన్ న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియంలో ఏర్పాటు చేసిన ఫ్యామిలీ ఆఫ్ మ్యాన్ ప్రదర్శనలో 503 ఫోటోలను ఫ్రేములు లేకుండా పలకల మీదే చూపించారు. దేశాలు తిరిగి అలసిన ఆ ప్రతిని 1994లో లక్సెంబర్గ్‌లోని క్లెర్వో కోటలో స్థిరంగా పెట్టడానికి నిపుణులు పూనుకుని మరమ్మతు చేయాల్సి వచ్చింది. వాళ్లకు మ్యూజియం ఉంది, నిపుణులున్నారు, ఫైలో నెగటివో వేరే చోట భద్రంగా ఉంది. మన ఇంటికి అవేవీ లేవు. కళాకారుల నుంచి నేర్చుకోవాలంటే మన దేశపు దయానితా సింగ్ దారి మనకు దగ్గరగా ఉంటుంది. 2008లో ఆమె వేసిన సెంట్ ఎ లెటర్ ఏడు చిన్న మడత పుస్తకాల పెట్టె. పరిస్తే అల్మరా మీద ప్రదర్శన, మడిస్తే జేబులో పట్టేంత. ఆ తర్వాత ఆమె చేసిన చెక్క నిర్మాణాల్లో ఫోటోలను ఎప్పటికప్పుడు మార్చి, వరస తిప్పి చూపించవచ్చు. ఫోటోలను చూపించే అమరిక కదలకుండా ఒకే తీరున ఉండాల్సిన పని లేదని ఆమె పని చెబుతుంది, ఇంటి గోడకూ అదే వర్తిస్తుంది. వెనకనుంచి సులువుగా తెరుచుకునే మూడు నాలుగు ఫ్రేములుంటే పండగకో పుట్టినరోజుకో లోపలి ఫోటోలు మార్చుకోవచ్చు, మార్చిన ప్రతిసారీ ఇంట్లోవాళ్లు మళ్లీ చూస్తారు.

ఆమ్లం లేని బోర్డులు, పరీక్ష నెగ్గిన కవర్లు మా ఊళ్లో ఎక్కడ దొరుకుతాయి, దొరికినా ఖరీదు కదా అన్నది చివరి అభ్యంతరం, అందులో న్యాయముంది. చిన్న పట్టణంలో పటాలు కట్టే షాపులో వాటి పేరు చెబితే తెలియకపోవచ్చు. కానీ నేను చెప్పినవాటిలో ముఖ్యమైనవి ఖర్చు పెంచేవి కావు, తగ్గించేవి. లామినేషన్ మానేస్తే డబ్బు మిగులుతుంది. జిగురు మానేసి కార్నర్లు వాడితే పైసల్లో పని. 20×30 క్యాన్వాస్ బదులు పది మంచి 5×7 ప్రింట్లు తక్కువలోనే వస్తాయి. ల్యాబ్‌లో ఒక 4×6 ప్రింటు ఖరీదు ఒక కప్పు టీకి అటూ ఇటూగా ఉంటుంది. హైదరాబాద్ మాదాపూర్‌లోని స్టేట్ ఆర్ట్ గ్యాలరీలో ఇండియన్ ఫోటో ఫెస్టివల్ లాంటి ప్రదర్శనలకు వెళ్లి, గోడ మీద మౌంట్లు ఎలా కట్టారో దగ్గరగా చూసి రావడానికి ఖర్చే లేదు. అడిగేవాళ్లు పెరిగితే షాపుల్లో సరుకు అదే వస్తుంది. కరిజ్మా కూడా అలాగే అడిగితేనే కదా వచ్చింది.

ఇంకొక పని మిగిలింది, అది ఏ షాపూ చేసిపెట్టదు. విడిగా, భద్రంగా ఉన్న ఫోటో కూడా అందులో ఉన్నవాళ్లెవరో తెలియకపోతే ఇంటికి పరాయిదవుతుంది. ల్యాబ్ కాగితం వెనక ప్లాస్టిక్ పొర మీద పెన్సిల్ పట్టదు, బాల్ పెన్ గట్టిగా నొక్కితే అక్షరం ముందువైపు బొమ్మలో ఉబ్బుతుంది, సాధారణ స్కెచ్ పెన్ సిరా ఆరక పక్క ఫోటోకి అంటుతుంది. అందుకని పేర్లు, ఊరు, ఏడాది ఫోటో మీద కాక దాన్ని పెట్టిన కవరు మీదో, ఆల్బమ్ పేజీ మీద ఫోటో కిందో రాయండి, తప్పదనుకుంటే వెనక తెల్ల అంచు వచ్చే మేరలో పిగ్మెంట్ సిరా పెన్నుతో రాయండి. పేర్లు తెలిసినవాళ్లు ఇంట్లో ఉన్నప్పుడే ఆ పని జరగాలి. నాయనమ్మను కూర్చోబెట్టి ఒక్కో ప్రింటు చేతికిచ్చి అడిగితే ఆమె ఎడమ నుంచి కుడికి వరసగా చెబుతుంది, ఫోన్ స్క్రీన్ చూపించి అడిగితే కళ్లు చికిలించి రెండు నిమిషాల్లో వదిలేస్తుంది. పెళ్లికి స్టూడియోతో మాట్లాడుకునే రోజునే మూడు మాటలు కాగితం మీద రాయించుకోండి: డిజైను లేని అసలు ఫైళ్లన్నీ హార్డ్ డిస్కులో ఇవ్వాలి, ఎంచుకున్న యాభై విడి ప్రింట్లు తెల్ల అంచుతో ఇవ్వాలి, ఇరువైపుల పెద్దవాళ్లు ఒక్కొక్కరికీ ఒంటరిగా ఒక ఫోటో తీయాలి. మూడోదానికి ఫోటోగ్రాఫరుకి మనిషికి రెండు నిమిషాలు పడుతుంది, ముహూర్తం హడావుడి మొదలవకముందే, విడిదింట్లో కిటికీ వెలుతురు ఉన్నచోట కుర్చీ వేయించి ఉంచితే సరిపోతుంది.